పొదుగు కింద కోడిపిల్లలు ఎందుకు దక్కడం లేదు?

సంపాదకులు గారికి నమస్కారం.

సంక్రాంతి వెళ్లగానే మన గోదావరి జిల్లాల్లో పెరటి పెట్టలు వరసగా పొదుగుకొస్తాయి. మాఘ, ఫాల్గుణాల్లో ఏ దొడ్డి చూసినా ఓ పిల్లలకోడి కనిపిస్తుంది. గుడ్లు పగిలి ఎనిమిదో తొమ్మిదో పిల్లలు లేస్తాయి, ఉగాది వచ్చేసరికి మూడో నాలుగో మిగులుతాయి. దిష్టి తగిలిందని కొందరు, తెగులొచ్చిందని కొందరు అనుకుంటారు. పశువైద్యశాలకు వెళ్లినవాళ్లు అడిగేది ఒకటే, ఏం మందు వెయ్యాలని. మందు సంగతికి ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: పిల్ల లేచిన ఎన్నో రోజున చచ్చింది? అది చెప్పగలిగితే కారణం చాలావరకు దొరికినట్టే. మొదటి మూడు రోజుల్లో పోయే పిల్లలకు మందుతో పని లేదు. వాటిలో ఎక్కువ భాగం రోగంతో పోవు. చలికీ తడికీ, తల్లి ఉంది కదా అని మనం వదిలేసిన ధీమాకీ పోతాయి. ఈ సంగతి పెరట్లో నాలుగు కోళ్లున్న ప్రతి ఇంటికీ చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

పెంకు పగిలి బయటికొచ్చిన నాటుకోడి పిల్ల 30 గ్రాములకు అటూఇటూ తూగుతుంది. ఒంటి మీద నూగు తప్ప ఈకలుండవు. తన ఒంటివేడిని తనే నిలుపుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి వారం దానికి 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గినా తట్టుకుంటుంది. మాఘమాసపు తెల్లవారుజామున కొబ్బరితోటల్లో 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, గడ్డి నిండా మంచు. గంప ఎత్తగానే పెట్ట నేరుగా ఆ గడ్డిలోకే నడుస్తుంది, పురుగూపుట్రా దొరికేది అక్కడే మరి. తల్లికి పాదాలు తడిసే మంచులో పిల్ల మెడదాకా తడుస్తుంది. నూగు ఒంటికి అతుక్కుపోయాక చలిని ఆపేది ఏమీ ఉండదు. వెనకబడ్డ పిల్ల ముందు ఆగకుండా గట్టిగా కియ్యోమంటుంది. కాసేపటికి ఆ అరుపు ఆగి, కళ్లు మూతలుపడి, మెడ వాలిపోతుంది. అప్పుడు పాదాలు పట్టుకు చూస్తే మంచుగడ్డల్లా తగులుతాయి. వానాకాలపు ముసురులో జరిగేదీ ఇదే, కాకపోతే పొద్దస్తమానం జరుగుతుంది.

అలా చల్లబడ్డ పిల్ల నోట్లో నీళ్లు పొయ్యడం చాలామంది మొదట చేసే పని. మింగే ఓపిక లేని పిల్లకు ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వెచ్చబెట్టాలి. అట్టపెట్టెలో పాత నూలుగుడ్డ పరిచి, చెయ్యి తట్టుకునేంత వేడినీళ్లు సీసాలో పోసి, దానికి గుడ్డ చుట్టి ఒక పక్కన పెట్టి పిల్లను ఆనించాలి. లేదా 60 వాట్ల ఫిలమెంటు బల్బును అడుగున్నర ఎత్తున వేలాడదీయాలి. ఇప్పుడు ఇళ్లలో ఉన్నవన్నీ ఎల్‌ఈడీ బల్బులు. వాటి వెలుతురు కింద పిల్లకు వేడి తగలదు. బల్బు పెట్టినా పిల్లలు పోయాయంటే ముందు ఆ బల్బు ఏదో చూడాలి. గదిలో కుంపటి పెట్టి తలుపులు మూస్తే బొగ్గుల గాలికి పిల్లలే కాదు, మనుషులూ ప్రమాదంలో పడతారు. పెట్టెలో ఒక మూల వెచ్చగా, ఇంకో మూల చల్లగా ఉండనివ్వాలి, పిల్ల తనకు నచ్చిన చోటికి జరుగుతుంది. కాళ్ల మీద నిలబడ్డాక ముక్కు కొసను గోరువెచ్చని నీళ్లలో ఒకసారి ముంచితే చాలు, తర్వాత అదే తాగుతుంది. తిరిగి తల్లి కింద పెట్టడం మాత్రం చీకటి పడ్డాకే. పగలు పెడితే పరాయి పిల్లనుకుని పొడిచే పెట్టలున్నాయి. సంతలో కొన్న ఒకరోజు పిల్లల్ని పెట్ట కింద పెట్టినా ఇదే పద్ధతి.

లేచిన రోజే, మర్నాడే పోయే పిల్లల సంగతి వేరు. వాటి చావుకు బీజం మూడు వారాల ముందు, పొదగేసిన నాడే పడుతుంది. పొదుగు మీదున్న పెట్ట గూట్లో ఇంకో పెట్ట దూరి గుడ్డు పెట్టి పోవడం మన దొడ్లలో మామూలే. అలా చేరిన గుడ్లు అసలు గుడ్ల కంటే నాలుగు రోజులో వారమో వెనక లేస్తాయి. 21వ రోజున మొదటి పిల్లలు లేచి గూడు దిగితే తల్లి వాటి వెంట పోతుంది, వెనకవి గుడ్లలోనే చల్లబడతాయి. తల్లి కదలకపోతే ముందు లేచినవి గూట్లోంచి జారిపడి, మళ్లీ ఎక్కలేక, తెల్లారేసరికి బిర్రబిగుసుకుపోయి ఉంటాయి. అందుకని అన్ని గుడ్లూ ఒకేరోజు పొదగెయ్యాలి. ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతోనో బొగ్గుతోనో అడ్డగీత గీసి, పెట్ట మేతకు దిగినప్పుడల్లా గీత లేని గుడ్లు తీసెయ్యాలి.

పొదగేసే గుడ్డు వారం దాటకూడదు. ఎండాకాలంలో అయితే మూడు నాలుగు రోజులే. వేడి గదిలో ఉన్న గుడ్డులో పిండం కొంత పెరిగి ఆగిపోతుంది, అలాంటి గుడ్డు లేచినా పిల్లలో సత్తువ ఉండదు. సన్నని కొస కిందికి ఉండేలా నీడపట్టున దాచాలి. కడగకూడదు, కడిగితే పెంకు మీది సన్నని పూత పోయి, మురికి లోపలికి దిగుతుంది. రెట్ట అంటిన గుడ్డును కూరకు వాడుకోవడం మేలు. మామూలు నాటుపెట్ట కిందికి పది, పన్నెండు గుడ్లు చాలు. పందెంజాతి పెట్టలు బరువైనవి, వాటి కింద ఎనిమిది తొమ్మిది మించితే గుడ్లు పగులుతాయి, లేచిన పిల్లలు నలుగుతాయి. ఖరీదైన పందెంజాతి గుడ్లను తేలికపాటి నాటుపెట్ట కింద వేసేవాళ్లున్నారు, అది మంచి పద్ధతి. ఉరుములకు గుడ్లు మురుగుతాయని తట్టలో ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ వేసే అలవాటు మనకుంది. వేస్తే వచ్చే నష్టం లేదు. ఉరుములొచ్చే రోజుల్లో ఉక్కా తడీ ఎక్కువ కాబట్టి గుడ్లు మురుగుతాయి, కనుక తట్టను పొడిచోట పెట్టడం మీద కూడా అంతే శ్రద్ధ కావాలి.

తట్ట లోతుగా ఉంటే గుడ్లన్నీ నడిమికి జారి ఒకదానిమీదొకటి పడతాయి, లేచిన పిల్ల అట్టడుగున చిక్కుకుంటుంది. నాలుగు అంగుళాల లోతు, అడుగుంబావు వెడల్పు ఉన్న పళ్లెంలాంటి తట్ట సరిపోతుంది. అడుగున రెండు అంగుళాల పొడి ఇసుక, దానిపైన బెత్తెడేసి ముక్కలుగా తరిగిన వరిగడ్డి వెయ్యాలి. పొడుగు గడ్డి పిల్ల కాళ్లకూ మెడకూ చుట్టుకుంటుంది. కొబ్బరిపీచు చేతికి అందుతుంది కదా అని వేసేవాళ్లున్నారు. ఆ నార పిల్ల కాలికి బిగిస్తే పాదం ఉబ్బి నల్లబడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం గడ్డి వాసన చూడటం. వానకు తడిసిన గడ్డివాములోంచి లాగిన బూజుపట్టిన గడ్డిని గూట్లో వేస్తే, ఆ బూజు పిల్లల ఊపిరితిత్తుల్లో దిగుతుంది. నాలుగైదు రోజులకు నోరు తెరుచుకుని, గురగుర చప్పుడేమీ లేకుండా, గాలి కోసం మెడ సాచి పోతాయి. దీనికి చికిత్స లేదు. మన డెల్టాలో నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది కాబట్టి ఈ చావులు మనకు మెట్టప్రాంతం వాళ్లకన్నా ఎక్కువ.

పెట్టను రోజూ ఒకే వేళకు పావుగంటో ఇరవై నిమిషాలో దింపాలి. మేసి, నీళ్లు తాగి, రెట్ట వేసి మళ్లీ ఎక్కుతుంది. కట్టేసి ఉంచితే గూట్లోనే రెట్ట వేస్తుంది, ఆ మురికి గుడ్డులోకి పోతుంది. అలాంటి గుడ్డులోంచి లేచిన పిల్లకు బొడ్డు సరిగా మూసుకోదు, పొట్ట మెత్తగా ఉబ్బి, నీచువాసన కొడుతూ మూడు నుంచి ఏడు రోజుల్లోపు పోతుంది.

గుడ్డుకు చిల్లు పడ్డాక పిల్ల బయటపడటానికి 12 గంటల నుంచి 24 గంటల దాకా పట్టొచ్చు. ఆ వేళ అది ఊరకే ఉందనుకుంటాం. లోపల పెంకుపొరలోని రక్తం ఒంట్లోకి తీసుకుంటూ, మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుంటూ ఉంటుంది. జాలిపడి పెంకు ఒలిస్తే రక్తం కారి చస్తుంది. మనం చెయ్యాల్సిన పని ఒక్కటే: పొద్దునా సాయంత్రం మెల్లగా చెయ్యి పోనిచ్చి ఖాళీ పెంకులు తీసెయ్యడం. సగం పెంకు జారి, చిల్లు పడిన పక్కగుడ్డును కప్పేస్తే ఆ పిల్ల బయటికి రాలేదు. పొట్టలో పచ్చసొన ఉంది కనుక పిల్ల రెండు రోజులు, అవసరమైతే మూడో రోజు కూడా, మేత లేకుండా ఉండగలదు. ఈలోగా గూటి ముందు నూకలు చల్లి తల్లిని దింపే తొందర వల్ల ఎన్ని పిల్లలు పోతున్నాయో లెక్క లేదు.

తల్లి దిగాక మొదటి రెండు వారాలు ఆమెను తిరగనివ్వకూడదు. ఈ ఉత్తరంలో ఒక్కమాటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే. రెండున్నర అడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున వెదురుబద్దలతో ఒక పెట్టె కట్టించండి. ముందు వైపు బద్దల మధ్య రెండున్నర అంగుళాల సందు ఉంచాలి. పిల్లలు అందులోంచి రావచ్చు పోవచ్చు, తల్లికి వీలుండదు. పిల్లలు బయట ఆడుకుని, చలేసినప్పుడు, కాకి నీడ పడినప్పుడు తల్లి కిందికి పరుగెడతాయి. తల్లి ఎప్పుడూ అక్కడే ఉంటుంది. పిల్లల మేత సందుకు అవతల, తల్లి మెడ అందనంత దూరంలో పెట్టాలి, లేకపోతే సగం ఆమే తినేస్తుంది. పెట్టెను రెండు వరసల ఇటుకల మీద నిలపాలి, కింద నేల చెమ్మ తగలకుండా. పైన తాటాకో రేకో కప్పి, తూర్పు ఎండ తగిలే చోట పెట్టాలి. అడుగున రెండు అంగుళాల పొడి ఊక పోసి, మొదటి మూడు రోజులు దానిమీద గోనెపట్టా పరచాలి, ఎందుకంటే కొత్తపిల్లలు ఊకనే మేతనుకుని తింటాయి. గోనె గరుకుగా ఉంటుంది కాబట్టి కాళ్లు పట్టు తప్పవు. నున్నటి ప్లాస్టిక్ టబ్బులో, దినపత్రిక మీద వదిలితే కాళ్లు రెండు పక్కలకూ జారిపోయి పిల్ల లేవలేకపోతుంది. అలా అయినదానికి మెత్తని గుడ్డపేలికతో రెండు కాళ్లనూ అంగుళం ఎడంలో కట్టి రెండు మూడు రోజులు ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. పొద్దెక్కి మంచు ఆరాకే పిల్లల్ని గడ్డి మీదికి వదలాలి. రాత్రి పెట్టె ముందు భాగానికి అరంగుళం కన్ను ఉన్న ఇనపవల బిగించి మూసెయ్యాలి. పొద్దున లెక్క తగ్గి, ఈకా రక్తమూ ఏమీ కనపడకపోతే పాము కావచ్చు, పందికొక్కు కావచ్చు. రెండింటికీ వలే మందు. మెడ కొరికి అక్కడే పడేసిపోతే ముంగిస పని.

మేతలో జరిగే పొరపాటు మన ప్రాంతానికే చెందినది. తణుకు, అనపర్తి చుట్టుపక్కల గుడ్ల కోళ్ల ఫారాలు ఎక్కువ కాబట్టి లేయరు దాణా తేలిగ్గా దొరుకుతుంది. గుడ్డు పెంకు కోసం అందులో సున్నం (కాల్షియం) మూడున్నర శాతం దాకా ఉంటుంది; పిల్లకు కావలసింది ఒక శాతం. మిగతాది మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. పిల్లల దాణాను చిక్ స్టార్టరు అని అడిగి తీసుకోవాలి. 10 పిల్లలకు మొదటి వారం రోజుకు 100 గ్రాములు మించదు, కాబట్టి కిలో కొన్నా వారం గడుస్తుంది. అది దొరకనప్పుడు నూకల్లో ఉడికిన గుడ్డు చిదిమి కలపాలి. ఒట్టి నూకలతో పొట్ట నిండుతుంది కానీ ఈకలు రావు, ఈకలు రాని పిల్లకు చలి తీరదు. సముద్రతీరపు ఊళ్లలో ఎండుచేపల తలకాయలు దంచి పెడతారు. ఆ ఉప్పు పిల్లల ప్రాణం తీస్తుంది, పొట్టలో నీరు చేరుతుంది. ఉప్పుబోరు నీళ్లూ అంతే. తాగే నీళ్లు చెరువుల మురుగు కలిసే కాలవవి కాకుండా మనం తాగేవే పొయ్యాలి. మట్టిమూకుడులో గులకరాళ్లు పరిచి, రాళ్ల మధ్య మాత్రమే నీళ్లు నిలిచేలా పోస్తే పిల్ల అందులో పడి తడవదు.

పేల సంగతి చాలామంది పట్టించుకోరు. మూడు వారాలు కదలకుండా కూర్చున్న పెట్టకు పేలు విపరీతంగా పడతాయి, పిల్లలు లేచిన రోజే వాటి తలల మీదికి పాకుతాయి. పది రోజుల పిల్ల ఈకలు రేగి, బక్కచిక్కి తూగుతుంటే తల మీది నూగు విడదీసి చూడండి. నడినెత్తిన ఒక్క చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు. ఎక్కువ రాస్తే నూగు తడిసినట్టయి చలేస్తుంది. పొదగెయ్యక ముందే పెట్టకు జల్లించిన కట్టెల బూడిదతో ఒళ్లంతా రుద్ది, నట్టల మందు తాగించడం మేలు. వరిచేలకు చల్లే పురుగుమందు పొడి గూట్లో జల్లడం మాత్రం వద్దు. అది పేలకన్నా ముందు పిల్లల్ని చంపుతుంది.

ఇక్కడిదాకా చెప్పినవాటికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. రెండో వారం నుంచి అసలు రోగాలు మొదలవుతాయి. ముడ్డికి సున్నంలాంటి తెల్లటి రెట్ట అంటుకుని వరసగా పోతుంటే అది తల్లి నుంచి గుడ్డు ద్వారా వచ్చే తెల్లపారుడు. ఆ పెట్ట గుడ్లు మళ్లీ పొదగెయ్యకూడదు. మూడు నుంచి ఆరు వారాల మధ్య రక్తంతో కూడిన రెట్ట కనిపిస్తే తడి ఊక వల్ల వచ్చే రక్తపారుడు, దానికి ఆంప్రోలియం అనే మందు డాక్టరు చెప్పిన మోతాదులో నీళ్లలో కలిపి ఇవ్వాలి, ఊక ఆ రోజే మార్చాలి. కొక్కెర తెగులుకు (రాణిఖేత్ రోగానికి) మందు లేదు, టీకా ఒక్కటే. 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా లేదా ఎఫ్1 అనే టీకా కంట్లో ఒక్క చుక్క, నాలుగు వారాలు దాటాక మళ్లీ లసోటా, 8 వారాలకు ఆర్2బీ అనే టీకా. 14వ రోజు గంబోరో రోగానికి, 6 వారాలకు కోడి మసూచికి టీకా వేయించాలి.

చచ్చిన పిల్లల్ని కాలవలో వెయ్యకండి. లోతుగా గొయ్యి తీసి సున్నం జల్లి పూడ్చండి. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ పెరవలి మండలం కానూరులోనూ బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి మనకు తెలిసిందే. తల్లులూ పిల్లలూ ఒక్కసారిగా పోతుంటే వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలియజెయ్యాలి. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోను చెయ్యవచ్చు.

టీకా దగ్గరే మా విన్నపం. లసోటా సీసా చిన్నదంటే 100 మోతాదులది. కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, అందాకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఇంటికి పది పిల్లలున్న ఆడపడుచు ఆ సీసా కొని, ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని, తొంభై మోతాదులు పారబొయ్యాలంటే కుదిరే పనేనా? అందుకే పెరటి పిల్లలకు టీకా అందడం లేదు. ఫారాల టీకాలు ఎలాగూ జరుగుతాయి. పెరటి కోళ్ల కోసం ప్రతి గ్రామంలో పదిహేను రోజులకోసారి ఒక రోజు, పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా, రైతు సేవా కేంద్రం దగ్గర పశుసంవర్ధక సహాయకులు సీసా తెరిస్తే, వీధి వీధి నుంచి పిల్లల్ని గంపల్లో తెచ్చుకుని చుక్కలు వేయించుకుంటారు. ముందురోజు టముకు వేయించినా చాలు. జిల్లా అధికారులు ఆ తేదీలు ఖరారు చేస్తే మీ పత్రిక జిల్లా పేజీలో వాటిని ప్రచురించాలని కోరుతున్నాం. ఫాల్గుణం మొదటివారంలో తొలి టీకా రోజు పెడితే, ఇప్పుడు పొదుగు మీదున్న పెట్టల పిల్లలకు సమయానికి అందుతుంది.

ఇట్లు,
పెరటి కోళ్ల పెంపకందారులు,
రాజోలు, కోనసీమ